అట్లపెనం బాగుపడింది

సత్యవతీ,

నీ సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి అట్లతద్ది ఇవాళ. మన కొత్త కోడలికి ఈ ఇంట్లో ఇదే మొదటిది. పండగ సంగతులకన్నా ముందు నీ ఇనప అట్లపెనం సంగతి చెప్పాలి. కంగారుపడకు, బతికే ఉంది.

నాకు షుగరొచ్చిందని కోడలు రాత్రిళ్ళు చపాతీలు చేసి పెడుతోంది. అట్లపెనం మీద చపాతీ కాలిస్తే దాని పదును పోతుందని పాపం ఆ పిల్లకెవరు చెప్పారు? నిన్న అట్టు పోస్తే అతుక్కుపోయింది. అట్లకాడతో గీకితే ముక్కలే వచ్చాయి.

"అత్తయ్యగారి పెనం పాడుచేసేశానండి మావయ్యగారూ. రేపు వాయనాలెలాగండి? రాజమండ్రిలో నాన్‌స్టిక్‌ది కొందామా?" అంది కళ్ళనీళ్ళతో.

"దానికి కాస్త జ్వరమొచ్చిందంతేనమ్మా. వైద్యం నాకు తెలుసు" అన్నాను.

రాళ్ళుప్పుతో రుద్ది కడిగాను. సన్నసెగ మీద పెట్టి, నువ్వులనూనె పోసి, ఉల్లిచెక్కతో నల్లగా నిగనిగలాడేదాకా రుద్దాను. నువ్వు ఆ పని చేస్తున్నప్పుడల్లా పక్కనే కూర్చుని కాఫీ తాగేవాణ్ణి కదా, నాకు తెలీకుండానే నేర్చేసుకున్నాను. అడ్డమని వంటింట్లోంచి తరిమెయ్యనందుకు నీకు చాలా థాంక్సు.

ఇవాళ సాయంత్రం అట్లు వాటంతటవే అంచులు లేచి ఊడొచ్చాయి. గౌరమ్మకి పెట్టి, వాయనాలిచ్చాక, కోడలు ఇంకొకటి వేడిగా పోసి నీ ఫోటో ముందు పెట్టింది. నువ్వెంతకీ రాకపోయేసరికి చల్లారకముందే నేను తినేశాను.

చాలా బాగుంది సత్యవతీ.