పళ్లెంలో అడవి

నాన్నా,

నిన్న నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక లిమ్ అంకుల్ మన టాంపినీస్ ఫ్లాట్‌కి వచ్చారు. పళ్లాల్లో కొండలూ అడవులూ పెంచే జపాన్ విద్య నీతోపాటు నేర్చుకున్న మనిషి. ప్రదర్శనలో నీ పేరుతో పెడతానని నీ పెద్ద పళ్లెం అడిగారు.

అమ్మ ఆయన్ని బాల్కనీలోకి తీసుకెళ్లింది. నువ్వు పదకొండేళ్లు పెంచిన చిట్టడవంతా ఎండు పుల్లలయింది. కొండ మీది నాచు అంకుల్ వేలు తగలగానే పొడిగా రాలింది. ఆయన ఎందుకిలా అన్నట్టు నాకేసి చూశారు.

"అమ్మ నీళ్లు పోయడం మర్చిపోయింది, అంకుల్," అన్నాను ఇంగ్లీషులో.

"నాట్ ఫర్గెట్ లా," అంది అమ్మ, ఇక్కడి యాసలో తనకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో. తర్వాత నావైపు తిరిగి తెలుగులో అంది: "సరిగ్గా చెప్పవే. నాకు ఆపరేషనైన రోజు, నాచు ఎండిపోతుందని నన్ను వార్డులో వదిలేసి ఇంటికొచ్చేశాడు మీ నాన్న. ఆ మనిషి పోయిన రోజే నీళ్లు ఆపేశాను. ఎలా ఎండుతుందో రోజూ కూర్చుని చూశాను."

నేను అంకుల్‌కి అదంతా ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

నేను ఆయనకి చెప్పనిది ఒకటుంది. నువ్వు పోయిన నాలుగో రోజుకి నాచు ఇంకా పచ్చగానే ఉంది. సీసాతో నీళ్లు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. అమ్మ చూసింది, ఆపలేదు. ఆ నీళ్లు నేనే తాగేసి, ఆమె పక్కన కూర్చున్నాను.