పిన్ను కొట్టిన కాగితాలు

కాలేజీలో అందరూ స్క్రూడ్రైవర్ అని పిలిచిన అమ్మాయికి,

మీ కెరీర్ గైడెన్స్ సార్‌ని. బాగున్నావా అని అడిగే ముఖం లేదు నాకు.

రెండేళ్ల కిందట, ఎవరు ఏ కోర్సులో చేరాలో తేల్చడానికి మీ అందరిచేతా పేరు ఒక పేజీలో, జవాబులు వేరే కాగితం మీద రాయించాను, గుర్తుందా? నిన్న బీరువా సర్దుతుంటే ఆ కట్ట దొరికింది. నీ పేరున్న పేజీ వెనక దస్తూరీ నీది కాదు. ఆ రోజు ఎనిమిదో రోల్ నంబరు కాలేజీకి రాలేదు. ముందే పేరు రాసి ఉంచిన ఆ పేజీ పక్కన పెట్టడం మరిచిపోయి, తొమ్మిదో నంబరైన నీ జవాబులు దానికి పెట్టి పిన్ను కొట్టేశాను. అక్కణ్ణించి అందరివీ ఒక్కొక్కటి జరిగిపోయాయి; చివర మిగిలిన పేరే ఆ రోజు రానివాళ్లదనుకున్నాను.

"లెక్కలంటే చచ్చేంత భయం సార్, నేను మోటార్లు విప్పుతాను" అని నువ్వు ఏడిస్తే, "నువ్వు రాసిందే కదమ్మా ఇది" అని అకౌంట్స్‌లోకి తోశాను. రెండుసార్లు తప్పి చదువు మానేశావని మీ అన్నయ్య చెప్పాడు.

నిన్ను మెకానిక్ కోర్సులో చేర్చుకోమని ఇవాళ ప్రిన్సిపాల్ గారి కాళ్లావేళ్లా పడ్డాను. వయసు దాటిపోయిందన్నారు.

నీ తర్వాతి నంబర్లవాళ్లు, ఇలాగే కాగితాలు మారినవాళ్లు, ఇంకా ఇరవై ఆరుగురున్నారు. వాళ్లెవరూ ఏడవలేదమ్మా. థాంక్యూ సార్ అని చెప్పి వెళ్లారు.