పిన్ని చేతికి సరిపడ్డ సెట్టింగు

పిన్నీ,

ఫోన్లో చెబితే "పోనీలేవే" అని నవ్వేస్తావు. నవ్వేసే తప్పు కాదు కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు.

మీ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే ప్రోగ్రాం రాసింది మా అక్కకూతురేనని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నావు. అది పెట్టిన వారానికే నువ్వు సభ్యుల పేర్లు కొడుతుంటే ఒక్కో అక్షరం మూడుసార్లు పడటం మొదలైంది. "కంప్యూటర్లోనే ఏదో ఉందండీ" అని నువ్వంటే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుందమ్మా" అన్నారట మీ లైబ్రేరియన్ గారు. చేతివణుకు ముదిరిందని నువ్వూ నమ్మేశావు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చావు. అమ్మ చెప్పిన రోజు ఏడ్చాను గానీ, నా ప్రోగ్రాం ఒకసారి తెరిచి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు.

నిన్న చూశాను. మద్దెల నిజంగానే ఓడు పిన్నీ. చిల్లు పెట్టింది నేనే.

వణికే వేలు ఒకే మీటను మూడుసార్లు తాకినా ఒక్కసారిగానే తీసుకోమని చెప్పే సెట్టింగు నీ కంప్యూటర్లో ఉంది. ఎప్పుడో మెకానిక్ చేత పెట్టించుకుని మర్చిపోయావు. అది ఉంటే పుస్తకాల మీది గీతల్ని చదివే స్కానర్ పని చేయదు. స్కానర్ అంకెల్ని టకటకా కొడుతుంది, ఆ తొందర కూడా వణుకే అనుకుని కంప్యూటర్ వాటిని మింగేస్తుంది. అందుకని, ప్రోగ్రాం తెరవగానే ఆ సెట్టింగు ఆపేయమని ఒక్క వాక్యం రాసిపడేశాను. అంతకుముందు అది ఎలా ఉందో చదవలేదు, ఎక్కడా దాచలేదు, తిరిగి పెట్టలేదు. నా కంప్యూటర్లో అది ఎప్పుడూ ఆపేసే ఉంటుంది కాబట్టి నాకు తేడా తెలియనేలేదు. అందరి చేతులూ నా చేతుల్లాంటివే అనుకున్నాను. తలుచుకుంటే సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను.

మార్చేశాను. ఇప్పుడు ప్రోగ్రాం ముందు నీ సెట్టింగు చదివి రాసిపెట్టుకుంటుంది. స్కానర్ వాడేంతసేపే ఆపుతుంది, అవగానే ఉన్నది ఉన్నట్టు పెట్టేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ తెరవగానే మొదట చేసే పని అదే. కొత్తది ఇక్కణ్ణుంచే ఇంటర్నెట్‌లో మీ లైబ్రరీ కంప్యూటర్లోకి ఎక్కించేశాను. సోమవారం ఆయన నీ కాగితం మీద సంతకం పెట్టేలోపు ఒక్క పేరు కొట్టి చూడు. తిట్లు తర్వాత.

నీ గడుగ్గాయి

ఒసే గడుగ్గాయీ,

ఈ ఉత్తరం నేనే కంప్యూటర్లో కొట్టాను. ఒక్క అక్షరం ఎక్కువ పడిందేమో వెతుక్కో.

కోపం రాలేదని అబద్ధం చెప్పను. మూడు నెలలు ఈ చేతిని తిట్టుకున్నానే! నలుగురిలో మంచినీళ్ల గ్లాసు పట్టుకోవడం కూడా మానేశాను. నీ ఉత్తరం చదివి, నిన్ను నాలుగు తిట్టి, ముఖం కడుక్కుని లైబ్రరీకి వెళ్లాను. ఆయన్ని పక్కనే నిలబెట్టుకుని, సభ్యుల జాబితాలో అన్నిటికంటే పొడుగు పేరు కొట్టాను. స్కానర్‌తో ఓ పుస్తకం చదివించి మళ్లీ ఇంకో పేరు. అలా నలభై మంది. ఒక్క తప్పు లేదు. వరసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారంటే నమ్ము! ఆయన కళ్లద్దాలు తీసి, "ఆ మద్దెల మాట అనడం నా తప్పేనమ్మా" అన్నారు. "అవునండీ, మీదే" అన్నాను. మరి ఊరుకుంటానా?

ఆయన సొరుగులోంచి నా రాజీనామా తీసి నా ముందు పెట్టారు. అందరూ చూస్తుండగా నాలుగు ముక్కలు చేశాను. చెయ్యి వణికింది. చించడానికి అదేం అడ్డం రాలేదు.

మీ పిన్ని