నోరెత్తని విద్యార్థి

7-6-2021, సోమవారం. ఉదయం 6.
మనవరాలు క్రిస్టినా బందరులో బి.ఎడ్. చదువుతోంది. చదువు చెప్పడం నేర్పే చదువట! కరోనాకి బడులు మూశారు. పిల్లలేరీ? ఇంట్లో ఉన్నవాళ్ళకే చెప్పి ఫోన్లో పంపమన్నారు. ఉన్నది నేను. చదివింది అయిదో తరగతి.
శనివారం ఆఖరి పాఠం వాళ్ళ కాలేజీ మేడమ్ చూస్తుంది. ఆవిడ సరేనంటేనే పరీక్షకి రానిస్తారు.
నిశ్చయం: అడిగినదానికి జవాబు. అంతకుమించి నోరెత్తను. నాకు మాటలెప్పుడూ తక్కువే. ఇదో పనా!

8, మంగళ.
ఏడెనిమిదులెంత అంది. సిగ్గులో యాభై నాలుగన్నాను. "వెరీ గుడ్ తాతయ్యా!" పిల్లాడేమన్నా ఆ మాట అనాలట, ప్లానులో రాసుందట. మా పంతులైతే చెవి పిండేవాడు.
నోరెత్తలేదు.

9, బుధ.
వరి మొక్క పాఠం. పచ్చ కాగితం కత్తిరించి అట్టకి అంటించింది. కిటికీ అవతలే నారుమడి! అటు చూశాను. "క్లాసులో దిక్కులు చూడకూడదు తాతయ్యా."
నవ్వు ఆపుకోబోతే దగ్గొచ్చింది. ఇంటిల్లిపాదీ కంగారు.

11, శుక్ర.
నిన్న రాయలేదు. పాఠం మధ్యలో "ఊహుఁ" అన్నాను. అది మాట కాదు. లెక్కలోకి రాదు.

12, శని. 10 గంటలు.
సముద్రపు పోటు పాఠం. మా ఆవిడ సౌభాగ్యమ్మ ఫోను బియ్యం డబ్బాకి ఆనించింది. అందులో మేడమ్.
10.10. "పోటు రోజూ ఒకే వేళకి వస్తుంది. ఎప్పుడొస్తుంది తాతయ్యా?"
ముప్ఫై అయిదేళ్ళు మంగినపూడిలో వేటకెళ్ళాను. ఈ పాఠం నమ్మి పడవ దింపితే బురదలో కూర్చుంటుంది.
"రోజు రోజుకీ ముప్పావు గంట ఆలస్యంగా! ఇదేం పాఠమమ్మా!"
"వెరీ గుడ్" అంది. అన్నాక నాలుక కరుచుకుంది.
"ఎందుకండీ ఆలస్యం?" మేడమ్ నన్నే అడిగింది. చంద్రుడు రోజూ ఆలస్యంగా పొడుస్తాడు, వెనకే పోటు. చెప్పాను. ఇరవై నిమిషాలు!
10.35. "పాఠం బాగుందండీ. కానీ చెప్పింది మీరు. ఆ అమ్మాయికి మార్కులెలా వెయ్యను? సోమవారం మళ్ళీ చెప్పమనండి."
సాయంత్రం. క్రిస్టినా పలకడం లేదు. సౌభాగ్యమ్మ పలికింది. "యాభై ఏళ్ళ కాపురంలో ఒక్క కబురు చెప్పలేదు. ఇవాళే దొరికిందా నోరు?"

13, ఆదివారం.
ప్రార్థన ఫోన్లోనే. అయ్యాక క్రిస్టినా వచ్చి కూర్చుంది. "రేపు పోటు ఎన్నింటికి?" చెప్పాను. రాసుకుంది. "రేపు మాత్రం మీకేం తెలీదు, సరేనా?"
"అలాగేనమ్మా."
కొత్త అట్ట చూపించింది. పడవకి వెనకుండే చుక్కాని ముందువైపు పెట్టింది.
నిశ్చయం: రేపు నోరెత్తను. చుక్కాని నేను చూడలేదు.