ఎదురు బెంచీ

సుక్కమ్మక్కకు దండం పెట్టి నీ తమ్ముడు రాసుకునేది.

మందతోని వలస పోయినకాడి నుంచి నువ్వు రాయించిన కార్డు అందింది. గొర్ల అంగడి జాగా సిన్మాహాలుకు ఇస్తుంటే మున్సిపాల్టిల ఒక్కడన్న అడ్డం చెప్పలేదా, ఇగ జీవాలను అమ్మనీకి తిరుమలగిరి దాక తోలాల్నా అని అడిగినవు. ఎవ్వలు చెప్పలే అక్కా. నేను సుత చెప్పలే.

కౌన్సిలరుగ గెలిచినంక మూడేండ్లు చైర్మనోళ్లకు ఎదురు బెంచీ మీద ఒక్కన్నే కూసున్న. గా జాగా ముచ్చట రెండుసార్లు తెచ్చిన్రు. రెండుసార్లు నేను లేచి లొల్లి చేస్తే ఆ ముచ్చట పక్కకు పెట్టిన్రు. మన వాడకు నీళ్ల నల్లా వేస్తమంటే పోయిన కార్తీకంల చైర్మనోళ్ల దిక్కు జరిగిన. నల్లా అయితే వచ్చింది. లోపలుంటే నా మాట ఇంకింత నడుస్తదనుకున్న.

మొన్న మీటింగుల గుమాస్త "ఎవలకన్న అభ్యంతరమా?" అనుకుంట, అలవాటుగ ఎదురు బెంచీ దిక్కు చూసిండు. దాని మీద చాయ్ గిలాసలున్నయి. నేను సుత అటే చూసిన. అందరి చేతులతోని నా చెయ్యి సుత లేచింది.

తిట్టు, పడుత. గని ఎలక్షన్లకు వచ్చి జానయ్య బావను నా మీద పోటీకి నిలబెట్టు. నా ఓటు ఆయనకే. గెలిస్తే గా గిలాసలు తీసేసి ఆడనే కూసొమ్మను. వాళ్లు ఏమిస్తమన్నా లేవొద్దని చెప్పు.

నీ తమ్ముడు