చెయ్యెత్తితే ఆపుతాను

డాక్టరుగారికి,
అభ్యంతరపూర్వక నమస్కారాలు.

నా కింది దవడలో జ్ఞానదంతం అడ్డంగా పడుకుందని, చిగుళ్లు కోసి దాన్ని తీసేయాలని నిన్న ఎక్స్‌రే చూపించి మీరు తీర్పు చెప్పారు. వాదన వినకుండా తీర్పు చెప్పడం న్యాయమా? అరుదుగా నాలుక కొన్నాళ్లు మొద్దుబారవచ్చునని కూడా సెలవిచ్చారు. నేను విశ్వవిద్యాలయ వక్తృత్వ జట్టు నాయకురాలిని. వచ్చే నెలలో తుదిపోటీ. నాకున్న ఆస్తల్లా ఆ నాలుకే. శస్త్రచికిత్స జరుగుతుండగా అభ్యంతరం తెలిపే హక్కు రోగికి ఉందా, లేదా?

ఇట్లు,
ఇంకా అంగీకరించని రోగి

తా.క.: ఇది భయం కాదు, సిద్ధాంతం.

*

అమ్మాయీ, ఆశీస్సులు.

హక్కు ఉంది. ఎడమ చెయ్యెత్తు, ఆపుతాను. ఇంజెక్షన్ ఇస్తాం కాబట్టి నొప్పి తెలియదు. నొక్కినట్టు, లాగినట్టు మాత్రం ఉంటుంది. ముందు రాత్రి బాగా నిద్రపో. ఖాళీ కడుపుతో రాకు, తేలిగ్గా ఏదైనా తిను. మందులేవైనా వాడుతుంటే ముందే చెప్పు.

ఉంటాను,
డాక్టరు

తా.క.: సిద్ధాంతానికి బీపీ పెరగదు. నిన్న నీకు పెరిగింది.

*

డాక్టరుగారికి,
సగౌరవ ప్రణామాలు.

మీ ఉదారతకు చకితురాలినయ్యాను. మా సభల్లో చెయ్యెత్తితే అధ్యక్షులు చూడనట్టు నటిస్తారు. మీరు చేత కత్తి పట్టుకుని కూడా ప్రతిపక్షానికి అవకాశమిస్తున్నారు. దంతం తరఫున అభ్యంతరాలన్నీ సిద్ధం చేసుకున్నాను. మొదటిది: ఇన్నేళ్లు ఎవరి జోలికీ పోని పన్నును, పడుకున్న నేరానికి బహిష్కరించవచ్చునా? మిగిలినవి కుర్చీలో విన్నవిస్తాను.

ఇట్లు,
దంతం పక్షాన మీ రోగి

తా.క.: అద్దం ముందు చెయ్యెత్తడం సాధన చేస్తుంటే మా అక్క, "ఏమే, బస్సు ఆపుతున్నావా?" అంది.

*

అమ్మాయీ,

చెయ్యెత్తమన్నది నొప్పి చెప్పడానికి, ఉపన్యాసానికి కాదు. నాలుక నరానికి దూరంగా పనిచేస్తాను. ప్రమాదం అసలే లేదనను, చాలా తక్కువ. ధైర్యంగా రా.

ఉంటాను,
డాక్టరు

తా.క.: అయినా ఎత్తుతావని తెలుసు. నీ తర్వాతి రోగిని మధ్యాహ్నానికి మార్చాను.

*

డాక్టరుగారికి,
ఓడినవారి నమస్కారాలు.

నేను చెయ్యెత్తిన ప్రతిసారీ మీరు పరికరం పక్కనపెట్టి, నోట్లోంచి గొట్టం తీసి, "చెప్పమ్మా" అన్నారు. సగం మొద్దుబారిన నోటితో నేనేమన్నానో నాకే తెలియలేదు. మీరు మాత్రం శ్రద్ధగా విని, "బాగుంది, తర్వాత?" అన్నారు. అంత ఓపిక మా అధ్యాపకుల్లో ఎవరిలోనూ చూడలేదు. చివరి అభ్యంతరానికి చెయ్యెత్తితే పళ్లెం చూపించారు. నా కక్షిదారు అప్పటికే ముక్కలై అందులో ఉంది. మీ హస్తవాసి అంతటిది. నాలుక క్షేమం, మొద్దు వదలగానే అక్కతో పోట్లాడి నిర్ధారించుకున్నాను.

ఇట్లు,
ఓటమి ఎరుగని మీ రోగి (నిన్నటి వరకు)

తా.క.: చెంప బంతిలా ఉబ్బింది. కళాశాలలో అందరూ నేను అలిగాననుకుని బతిమాలుతున్నారు. చెప్పడం లేదు.

*

నా ప్రతిపక్షానికి,

ఓడింది నువ్వు కాదు. వణుకుతూనే వచ్చావు, వణుకుతూనే అడగాల్సినవన్నీ అడిగావు, అడిగాక మళ్లీ నోరు తెరిచావు. నాకు అది చేతకాలేదు. నా దవడలోనూ అడ్డంగా ఒక జ్ఞానదంతం ఉంది, ఏళ్లుగా పోటు పెడుతోంది. రోజూ పక్కవాళ్ల పళ్లు తీస్తూ, ఆ కుర్చీలో నేను కూర్చోవాల్సి వచ్చేసరికి ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను. నిన్ను ఇంటికి పంపాక సిగ్గేసి తోటి డాక్టరుకు ఫోన్ చేశాను. గురువారం తీస్తానన్నాడు.

ఆ డ్రిల్లు చప్పుడు నా చెవిన పడకూడదమ్మా. నువ్వు వచ్చి పక్కన నిలబడు. ఏదో ఒకటి వాదిస్తూ ఉండు.

ఇట్లు,
గురువారం నాటి రోగి

తా.క.: సమయపరిమితి లేదు.