మెట్లెక్కి పెంచిన తెల్లకణాలు

ఏమండీ,

ఫ్లాస్కులో పాలున్నాయి, తాగి ల్యాబుకి బయల్దేరండి. ఈసారి లిఫ్టులోనే వెళ్లండి. పోయినసారి రక్తం ఇచ్చే ముందు మూడంతస్తులూ గబగబా మెట్లెక్కారని ల్యాబులో నర్సమ్మ చెప్పేసింది. ఒళ్లు అలిస్తే తెల్లకణాలు కాసేపు ఎక్కువ కనిపిస్తాయని మీకెవరు నూరిపోశారో గానీ, కీమో మందుకి ఆ కణాలు ఎంత పడిపోయాయో లెక్క చూసే కదా డాక్టరుగారు తర్వాతి మందు ఎంతివ్వాలో తేల్చేది. దొంగ లెక్క చూపిస్తే లుకేమియా మోసపోదు. మోసపోయింది నేను. ఆ రిపోర్టు పట్టుకుని మా టైలరింగ్ షాపంతా మిఠాయిలు పంచాను.

నా మొహం వెలగాలనే ఎక్కారని తెలుసు లెండి. తక్కువొస్తే తక్కువే తీసుకురండి. ఇద్దరం పక్కపక్కన కూర్చుని దిగులుపడదాం.

తా.క.: లిఫ్టు పాడైందని మాత్రం చెప్పొద్దు. అక్కడి వాచ్‌మన్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. మీరు మెట్ల వైపు తిరిగితే పట్టుకోమని కూడా చెప్పాను.